నీళ్లలో నిలబడే మనిషి

“రేపు పడవకి ట్రైలర్ చూడ్డానికి నువ్వూ రా. కొలతలు నీకే కదా తెలిసేది,” అన్నాడు రూడీ, పేపర్లోంచి తలెత్తకుండా.

మార్లిస్ అప్పుడు పాస్టీలకి అంచులు మడుస్తోంది. మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయ కూరిన పిండిని కజ్జికాయలా మడిచి, వేళ్లతో నొక్కుకుంటూ పోవాలి. అత్తగారు ఐలీ బతికుండగా ఆ మడతలకి కూడా వంకపెట్టేది. “మా ఇంట్లో అంచు ఇంత లావుగా ఉండదమ్మాయ్,” అనేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది కానీ వేళ్లకి ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. కొలతలు నీకే తెలుసు అని మొగుడు అన్నందుకు ఆమెకి ముచ్చటేమీ వేయలేదు. ఎందుకు తెలుసో ఆమెకి తెలుసు. ఎండాకాలానికి ముందు ఏటా నెలరోజులు ఆ పడవ కింద వెల్లకిలా పడుకుని, పాత రంగు గీకి, కొత్త రంగు పూసేది ఎవరని? పైన మహాగనీ చెక్కకి ఒక పూతా, ఇసుక కాగితంతో ఒక రుద్దుడూ, మళ్లీ ఒక పూతా వేసి, అద్దంలా తేల్చేది ఎవరని? స్కూల్లో వంటగది పని ముగించుకుని ఇంటికొచ్చి, జుట్టుకి గుడ్డ కట్టుకుని షెడ్డులోకి దూరేది. ఆగస్టులో జరిగే పాత పడవల పండగలో జనం ఆగి నోరెళ్లబెడితే, రూడీ జేబుల్లో చేతులు పెట్టుకుని, “ఎనిమిది పూతలు వేశాం,” అనేవాడు. పక్కన పెట్టే పలక మీద ‘పునరుద్ధరణ: రూడీ కంగస్’ అని ఉండేది. ఆ ‘వేశాం’లో తను ఉందో లేదో మార్లిస్ ఎన్నడూ అడగలేదు.

పడవ పేరు కూడా ‘ఐలీ’యే. వెనక చెక్క మీద ఇత్తడి అక్షరాలు. వాటికి మెరుగు పెట్టేదీ కోడలే.

పడవని ట్రక్కు వెనక లాక్కెళ్లే బండి, ఆ పాత ట్రైలర్, ఈ జూన్‌లో చచ్చింది. పండగలో చూడ్డానికి బాగుండాలని రూడీ ఏటా దాని మీద ఎర్ర రంగు వేసేవాడు. తుప్పు గీకకుండా తుప్పు మీదే. పడవని నీళ్లలోకి దించి బండి పైకి లాగుతుంటే నడిమి దూలం పుటుక్కుమని వంగిపోయింది. తీరా సుత్తితో తట్టి చూస్తే సుత్తి లోపలికి దిగబడింది. రంగే దాన్ని పట్టుకుని ఉందన్నమాట ఇన్నాళ్లూ. ఇప్పుడు పడవ రేవులో ఉంది, ఇంటికి తెచ్చుకోవడానికి బండి లేదు. సుపీరియర్ సరస్సులో చలికాలం పడవని వదిలేస్తే మంచు దాన్ని నమిలేస్తుంది. అందుకే ఈ హడావిడి.

కానీ మార్లిస్ మనసులో పడవ లేదు. ఒకే ఒక్క సంగతి ఉంది. కొత్త బండికి వెనక రెండు నిలువు గొట్టాలు ఉంటాయా, ఉండవా.

చెప్పుకుంటే చాలా చిన్న సంగతి. ట్రైలర్‌ని ర్యాంపు అనే వాలుదారి మీదుగా నీళ్లలోకి ముంచుతారు. పడవ నడుపుకుంటూ వచ్చి దాని మీదికి ఎక్కించాలి. బండి మునిగిపోయి ఉంటుంది గనక ఎక్కడుందో కనపడదు. గాలి కొడితే పడవ పక్కకి పోతుంది. అందుకని బండికి వెనక రెండు పక్కలా రెండు గొట్టాలు నిలబెట్టుకుంటారు. అవి నీళ్లపైకి కనపడతాయి, వాటి మధ్యకి వస్తే చాలు, పడవ దానంతటదే కుదురుగా కూర్చుంటుంది. రూడీ బండికి ఆ గొట్టాలు లేవు. వాటి బదులు మార్లిస్ ఉంది. ట్రక్కుని వెనక్కి నడిపి బండిని ముంచేదీ ఆమే, తర్వాత రొమ్ముల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని నీళ్లలోకి దిగి నిలబడేదీ ఆమే. రూడీ పడవలో స్టీరింగు దగ్గర, తెల్లటోపీ పెట్టుకుని. “ఎడమకి! నా ఎడమకి కాదు, నీ ఎడమకి! అబ్బబ్బ, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?” అని రేవంతా వినపడేలా అరిచేవాడు. పక్కన తమ వంతు కోసం నిలబడ్డ మగవాళ్లు నవ్వుకునేవాళ్లు. వాళ్ల పెళ్లాలు నవ్వేవాళ్లు కాదు.

పెళ్లయిన కొత్తలోనే ఒకసారి అడిగింది. పక్కింటివాళ్ల బండికి ఆ గొట్టాలు చూసి, మనమూ పెట్టించుకుందాం అంది. రూడీ విరగబడి నవ్వాడు. “అవి చేపలోళ్ల బండ్లకి పెట్టుకుంటారు. ఇలాంటి పడవకి అవి పెడితే ముసలాడి చేతికి ఊతకర్రలు ఇచ్చినట్టుంటుంది. అయినా నువ్వుండగా నాకవెందుకు?” అన్నాడు. ఆ చివరి మాటకి ఆ రోజు ఆమె మురిసిపోయింది కూడా. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మర్నాడు ట్రైలర్లు అమ్మే చోటికి వెళ్లారు. అమ్మేవాడి పేరు డ్వేన్. నలభై లోపు మనిషి, కలుపుగోలు. కంకర పరిచిన పెద్ద ఆవరణలో వరసగా బండ్లు. అంత పొడుగు పడవ అనగానే అతను ఒక బండి దగ్గరికి తీసుకెళ్లాడు. ఇది మనకి పనికిరాదని మార్లిస్‌కి చూడగానే తెలిసిపోయింది. అది ఇంజను వెనక వేలాడే పడవల కోసం చేసింది, ఇరుసు బాగా వెనక్కి ఉంది. ‘ఐలీ’కి ఇంజను నడిమధ్యన ఉంటుంది, ఆ బండి మీద పెడితే బరువంతా ట్రక్కు కొక్కెం మీద పడుతుంది. పైగా పడవ అడుగు ఆనే చోట చిన్న రబ్బరు చక్రాలు. చెక్క పడవని చక్రాల మీద కూర్చోబెడితే, చక్రం తగిలిన చోటల్లా లోపల పక్కటెముకల్లా ఉండే చెక్కలు విరుగుతాయి. తల నుంచి తోక దాకా అడుగున వెన్నులా పోయే దుంగ పొడుగునా బండికి ఆనాలి. రెండు పక్కలా కార్పెట్ చుట్టిన పొడుగాటి పలకలు ఉండాలి.

ఇదంతా ఆమె మెల్లిగా రూడీ చెవిలో చెప్పింది. రూడీ గొంతు సవరించుకుని డ్వేన్‌కి చెప్పాడు. డ్వేన్ తలూపి, వెన్నుదుంగ వెడల్పెంత అని రూడీని అడిగాడు. రూడీ ఆమె వంక చూశాడు. ఆమె చెప్పింది. డ్వేన్ విన్నాడు, వినీ రూడీ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. రూడీ మళ్లీ అదే చెప్పాక అప్పుడు రాసుకున్నాడు. చెడ్డవాడు కాదు పాపం, అలవాటు. ట్రైలర్ల దగ్గర మగాడు చెబితేనే అంకె అంకె అవుతుంది. ఇలా ఓ అరగంట నడిచింది. మార్లిస్‌కి చివరికి నవ్వొచ్చింది, నోరు మూసుకుంది.

ఆవరణ చివర మరో బండి దొరికింది. ఇరుసు ముందుకి జరుపుకోవచ్చు, పలకలు ఉన్నాయి. అన్నీ కుదిరాయి. దానికి వెనక ఆ రెండు గొట్టాలూ ఉన్నాయి, తెల్లగా, మనిషంత ఎత్తున. మార్లిస్ వెళ్లి ఒకదాని మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది.

“ఇవి తీసేయొచ్చు కదా?” అన్నాడు రూడీ.

డ్వేన్ ఆశ్చర్యపోయాడు. “ఎందుకు తీయడం? ర్యాంపు దగ్గర ఎన్ని కాపురాలు కూలిపోతాయో మీకు తెలీదా? మా నాన్నా అమ్మా సగం దెబ్బలాటలు అక్కడే. ఇవి పెట్టాక మా అమ్మ ట్రక్కులో కూర్చుని కాఫీ తాగేది. ఇవి రెండూ నీళ్లలో నిలబడే మనిషి లెక్క,” అన్నాడు.

నీళ్లలో నిలబడే మనిషి. మార్లిస్ చెయ్యి గొట్టం మీదే ఉండిపోయింది. ఆమె ఇక్కడ లేదు.

చాలా ఏళ్ల కిందట, ఒక నవంబరు మొదట్లో. సరస్సులోంచి అందరికన్నా ఆఖరున బయటికొచ్చే పడవ తనదే కావాలని రూడీకి సరదా. రేవు అంచున పల్చగా మంచుపొర కట్టింది. మార్లిస్‌కి నాలుగో నెల. కడుపు ఇంకా బయటికి తెలియడం లేదు, రబ్బరు ప్యాంటు నడుం దగ్గర మాత్రం బిగుతుగా ఉంది. ఈసారి నేను దిగను రూడీ, భయంగా ఉంది అని చెప్పింది. రెండు నిమిషాల పని అన్నాడు. అత్తగారు ట్రక్కులో కూర్చుని ఉంది. కిటికీ దించి, “మా అమ్మ తొమ్మిదో నెలలో కూడా సౌనా ఆవిరిగదిలోంచి లేచి సరస్సులో దూకేది. ఏమైంది? నేను పుట్టాను,” అంది. ఇద్దరూ అలా అంటే ఇక ఏం చేస్తుంది? దిగింది. గాలి అడ్డంగా కొట్టింది. పడవ ఒకసారి పక్కకి పోయింది, రెండోసారీ పోయింది, తర్వాత ఇంజను ఆగింది. రూడీ దాన్ని బాగుచేసుకుంటూ కూర్చున్నాడు, పడవని పట్టుకో, రాళ్లకి తగలనీకు, వార్నిష్ పోతుంది అని అరుస్తూ. ఒక అల ప్యాంటు అంచు మీదుగా లోపలికి దూకింది. నీళ్లు పొట్ట దగ్గర నిండి అక్కడే నిలిచిపోయాయి. ఆ చలి ఎలాంటిదో ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది. ఆమె పడవని వదల్లేదు. అదే ఆమెకి ఇప్పటికీ అర్థంకాదు. ఎందుకు వదల్లేదు?

తర్వాత వారం పది రోజులకి లేళ్ల వేట మొదలైంది. ఆ రోజుల్లో ఈ ఊళ్లో మగవాళ్లు ఉండరు, అందరూ అడవిలో గుడిసెల్లో ఉంటారు. స్కూళ్లకి కూడా సెలవు. రూడీ వెళ్లిన రెండో రోజు ఆమెకి కడుపులో నొప్పి మొదలైంది. ఐలీయే ఆస్పత్రికి తీసుకెళ్లింది. చన్నీళ్లకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు, తెలిసినవాడు కాబట్టి నిజమే అయ్యుంటుంది. మొదటిది నిలవకపోవడం మామూలేనని అత్తగారు అంది. రూడీ లేడితో తిరిగొచ్చాడు. చెబితే, “అయ్యో,” అన్నాడు, భుజం తట్టాడు, “మళ్లీ పుడతార్లే,” అన్నాడు. ఆ సాయంత్రమే వంటగది బల్ల మీద మాంసం పరిచారు. మార్లిస్ నిలబడి, రక్తం కారుతున్న ముక్కల్ని తెల్ల కాగితంలో చుట్టి కట్టలు కట్టింది. ఆస్పత్రిలో తనకి చూపించకుండా గుడ్డలో చుట్టి తీసుకెళ్లిపోయిన దాని గురించే ఆలోచిస్తూ కట్టింది. తర్వాత కూతురు హైడీ పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుని వెళ్లింది. అయినా కిరాణా కొట్లో, చర్చిలో, ఆ ఈడు మనిషి ఎవరు కనపడినా మార్లిస్ ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఉంటే ఇంత ఉండేది. ఉంటే ఇలా ట్రాలీ తోసుకుంటూ వచ్చేది.

“మాకొద్దులే,” అంటున్నాడు రూడీ. “పాత పడవ వెనక ఇవి అసహ్యంగా ఉంటాయి. పండగలో అందరూ నవ్వుతారు. ఇన్నేళ్లూ మా ఆవిడ దిగింది. ఒక్కసారి కూడా వద్దని అనలేదు.”

మోకాలు పాడై రెండేళ్లుగా ఆమె మెట్లెక్కేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకుంటోంది. అది కూడా రూడీకి గుర్తులేదు. కానీ ఆమె నోట్లోంచి వచ్చింది మోకాలి మాట కాదు.

“అన్నాను,” అంది. “ఆ నవంబరులో వద్దన్నాను. నాకప్పుడు నాలుగో నెల.”

గట్టిగా అనలేదు. డ్వేన్ తల దించుకుని కంకర వైపు చూశాడు. ఆడవాళ్ల సంగతి మధ్యలో ఇరుక్కుపోయినందుకు అతని చెవులు ఎర్రబడ్డాయి. రూడీ నుదురు చిట్లించాడు. కోపంతో కాదు. నిజంగానే గుర్తుచేసుకుంటున్నాడు. అతని ముఖంలో ఆ వెతుకులాట చూస్తుంటే మార్లిస్‌కి ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఈ మాట అతను కూడా ఎక్కడో దాచుకుని ఉంటాడని, బయటికి చెప్పలేకే ఇన్నాళ్లూ కిమ్మనకుండా ఉన్నాడని ఆమె ఎన్నోసార్లు తనకి తాను సర్దిచెప్పుకుంది. మగవాళ్లు అంతే, ఈ ఊరి మగవాళ్లు మరీనూ, లోపల పెట్టుకుంటారు. ఆ సర్దుబాటు మీదే ఇంత కాపురం చేసింది.

“నాలుగో నెలేంటి?” అన్నాడు రూడీ. “హైడీ పుట్టింది జూలైలో కదా. నవంబరులో నాలుగో నెల ఎలా అవుద్ది? లెక్క తప్పుతున్నావ్.”

“హైడీ కాదు, రూడీ.”

“మరి?”

ఆమె చెప్పాల్సిన అవసరం లేకుండానే అతనికి గుర్తొచ్చింది. “ఓ,” అన్నాడు. “అదా.” టోపీ తీసి తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

మార్లిస్ ఏడవలేదు. ఇన్నాళ్లూ ఇద్దరం మోస్తున్నామనుకున్న బరువుకి అవతలి పక్క ఎవరూ లేరని, తను ఒక్కతే ఈడ్చుకుంటూ వచ్చిందని ఇప్పుడు తెలిసింది. మనిషి మీద కోపం వచ్చినా బాగుండేది. గుర్తే లేనివాడి మీద ఏమని కోప్పడాలి? డ్వేన్ మెల్లగా, గొట్టాలు ఉంచమంటారా, తీయమంటారా అని అడిగాడు. ఈసారి ఆమెని అడిగాడు.

“ఆయనకి ఎలా కావాలో అలాగే చేయండి,” అంది మార్లిస్. “బండి మంచిది. పడవకి సరిపోతుంది. నేను మాత్రం ఇక నీళ్లలోకి దిగను.”

అలా అని నిలబడింది. పోతే పోనీ అని కాదు, పంతానికీ కాదు. ఆమె రూడీ ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. రూడీ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, గొట్టాలని చూశాడు, ఆమెని చూశాడు. ఏదో అడగబోతున్నాడని ఆమెకి తెలిసింది.

“నువ్వు దిగకపోతే,” అన్నాడు, “పడవని ఎవరు పట్టుకుంటారు?”

“నాకు తెలీదు,” అంది మార్లిస్, ట్రక్కు వైపు నడుస్తూ.

మగపిల్లాడా, ఆడపిల్లా అని అడిగి ఉంటే, ఆ ఒక్క మాట ఇప్పటికైనా అడిగి ఉంటే, ఆమె ఈ ఏడు కూడా నీళ్లలోకి దిగేదే.