మిణుగురుల గుహకి అత్తాకోడళ్ళు

పొద్దున్నే కోడలు షాపు షట్టర్ ఎత్తేసరికి అత్తగారు లోపల పీట మీద కూర్చుని, ఒళ్ళో ఎవరిదో నల్ల ప్యాంటు పరుచుకుని, అంచు మడిచి కుడుతూ ఉండేది. నల్లగుడ్డ మీద నల్లదారం అంటే కుర్రకళ్ళకి కూడా చెమటలు పడతాయి. ఆవిడకి ఆ బాధ లేదు. ఆవిడ అరచేతులు వెలుగుతాయి.

మరీ అంత వెలుగేం కాదు, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చేంత. సూదిలో దారం ఎక్కించుకోవడానికి అది చాలు. పెళ్ళికి ముందునుంచీ ఉందట. వీధిలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ దాని ఊసెత్తరు. నల్లకోట్లు, నల్లగౌన్లు ఉన్నవాళ్ళు మాత్రం మిగతా దర్జీలందర్నీ దాటుకుని వీళ్ళ దగ్గరికే వస్తారు. కరెంటు పోతే పక్కనున్న మందుల షాపాయన, "పిన్నిగారూ, ఒక్కసారి ఇలా వచ్చి నిలబడతారా?" అని కేకేస్తాడు. ఆవిడ విసుక్కుంటూ వెళ్ళి నిలబడుతుంది. విసుక్కోకుండా ఏ సాయమూ చేసి ఎరగదు ఆవిడ.

కోడలంటే చిన్నకొడుకు పెళ్ళాం. ఆ చిన్నకొడుకు పోయి మూడేళ్ళయింది. మిగిలిన అత్తాకోడళ్ళిద్దరూ షాపు వెనకున్న రెండు గదుల్లో, కూరలో ఉప్పెక్కువైందనీ, టీవీ సౌండు పెంచావనీ రోజూ పోట్లాడుకుంటూ హాయిగానే ఉన్నారు.

అత్తగారి వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక్కోసారి మసకబారుతుంది, ఒక్కోసారి జిగేలుమంటుంది. బాగా వెలిగితే ఆరోగ్యం, సంతోషం. తగ్గితే నీరసం. ఇంట్లో అందరి లెక్కా ఇదే. ఈ లెక్క మొదట ఎవరు కట్టారో తెలీదు గానీ అత్తగారిని మాత్రం ఎవరూ అడగలేదు. సాయంత్రం పని ముగించి, తిని, ఇద్దరూ టీవీ ముందు చేరగిలబడ్డప్పుడు ఆవిడ చేతులు మసగ్గా కనిపిస్తే కోడలు కంగారుపడి టానిక్ సీసా పట్టుకొచ్చేది. ఆవిడ మొహం చిట్లించి, తిట్టి, తాగేది.

అలా ఉండగా ఒకరోజు బావగారు వీడియో కాల్ చేశారు. అత్తగారి పెద్దకొడుకు. వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం. మనిషి మంచివాడే, కాకపోతే ఎదుటివాళ్ళ మంచి కూడా తనే ఆలోచించేస్తాడు.

"అమ్మా, నీకోసం గది రెడీ చేశాం. కిటికీ తీస్తే ఎదురుగా పార్కు. ఇంకా ఎన్నాళ్ళని ఆ అమ్మాయికి బరువవుతావు? తనకీ ఒక జీవితం ఉంది కదా. వచ్చే నెల వచ్చెయ్."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు మిషన్‌కి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "సరే నాయనా, నీ ఇష్టం" అంది అత్తగారు.

వెళ్ళొద్దని అరవాలనిపించింది కోడలికి. ఈ ఇంట్లో ఈవిడ లేకపోతే తను ఎవరితో పోట్లాడుతుంది? ఎవరికోసం షట్టర్ ఎత్తుతుంది? కానీ మొగుడే పోయాక అత్తగారిని ఆపడానికి తనకేం హక్కుంది? పైగా ఆ సాయంత్రం అత్తగారి చేతులు ఎన్నడూ లేనంతగా వెలిగిపోతున్నాయి. గోడమీద నీడలు పడేంత వెలుగు. కన్నకొడుకు రమ్మంటే సంతోషం ఉండదా మరి, అనుకుంది. ఆ సంతోషానికి తను అడ్డుపడకూడదనుకుంది. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

మర్నాడు, "వెళ్ళేలోపు ఏమన్నా కావాలా అత్తయ్యా?" అని అడిగింది.

"టీవీలో చూపించాడే, ఆ గుహ చూడాలనుంది" అంది అత్తగారు. "లోపల కప్పంతా మిణుగురులేనట. ఇంత వయసొచ్చింది, నాలాంటివాళ్ళని ఒక్కళ్ళనీ చూడలేదు. పురుగులైతేనేం, చూసొస్తాను."

గుహేమో దేశం కాని దేశంలో ఉంది. ప్రపంచమంతా ఎగబడి చూసే గుహ. పిండి కొద్దీ రొట్టె అన్నారు కాబట్టి కోడలు రోజుల తరబడి ఫోన్‌లో వెతికి, అన్నిటికన్నా చవకైన విమానం పట్టింది. అది పాలవాడి సైకిల్‌లాగా దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతూ వెళుతుంది. తిరుగు టికెట్లు మాత్రం వేరువేరుగా తీసింది. తనది ఇంటికి, అత్తగారిది అటునుంచి అటే బావగారి ఊరికి. ఇంటికొచ్చి మళ్ళీ అక్కడికి వెళ్ళడమంటే దండగ ఖర్చు కదా. రెండూ మార్చుకోవడానికి వీల్లేని టికెట్లు, అందుకే అంత చవక. అత్తగారి టికెట్‌కి డబ్బు కట్టేటప్పుడు బావగారి ఊరి పేరు రెండుసార్లు చదువుకుంది. చదివి నొక్కింది.

విమానంలో దీపాలు తగ్గించాక ఎయిర్‌హోస్టెస్ వచ్చి, "అమ్మగారూ, పక్కవాళ్ళు నిద్రపోతున్నారు. చేతులు దుప్పట్లో పెట్టుకుంటారా?" అంది.

"దుప్పటికి డబ్బులా?" అంది అత్తగారు.

డబ్బులే. అయితే అక్కర్లేదని కోడలి స్వెట్టర్ లాక్కుని చేతులకి చుట్టుకుంది. స్వెట్టర్ లేక కోడలు వణుకుతూ కూర్చుంది. అది చూసి మళ్ళీ ఆవిడే ఒక చెయ్యి బయటికి తీసి కోడలి చెయ్యి కూడా లోపలికి దూర్చింది.

దిగాక బస. ఒకదానిమీద ఒకటి మంచాలు పేర్చిన గది, అందులో ఎనిమిదిమంది. పక్కమంచం మీద చదువుకునే పిల్ల ఒకతె, "బామ్మగారూ, మీ చెయ్యి కాస్త ఇటు పెడతారా? రెండు పేజీలే ఉన్నాయి" అంది. ఆ రెండు పేజీలూ పుస్తకం సగందాకా సాగాయి. అత్తగారు విసుక్కుంటూనే చెయ్యి పట్టుకుని కూర్చుంది. తిండికి రొట్టె, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు. హోటళ్ళలో కూర్చుని తింటున్నవాళ్ళని అద్దాల్లోంచి చూసి, "పాపం, ఎంత తగలేస్తున్నారో" అని జాలిపడింది.

గుహకి పొద్దున మొదటి పడవకే టికెట్ సగం ధర. అంత పొద్దున్నే ఎవరూ లేవరు కాబట్టి.

"సగం ధరంటే సగం గుహే చూపిస్తారేమో, కనుక్కో" అంది అత్తగారు.

గుహ గుమ్మందాకా వెళ్ళే బస్సుకి ఛార్జీ ఎక్కువని ఊరి బస్సులో వెళ్ళి, మిగతాది కొండదారిలో నడిచారు. చలి. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. అత్తగారి చేతుల వెలుగులోనే రాళ్ళు చూసుకుంటూ ఎక్కారు. ప్రయాణం మొదలైనప్పటినుంచీ ఆ వెలుగు రోజురోజుకీ పెరుగుతూనే ఉంది. కోడలు దాన్ని చూస్తూ, ఎంత ఆత్రమో కొడుకింటికి చేరాలని, అనుకుంటూ నడిచింది.

గుమ్మం దగ్గర రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకున్న గైడ్ నిలబడి ఉంది. నడివయసు మనిషి. వచ్చిన పదిమందినీ లెక్కపెట్టుకుని, "ఫోన్లు ఆపెయ్యండి. వాచీలు జేబులో పెట్టుకోండి" అంది. అత్తగారిని చూసి, తన చేతులకున్న ఉన్ని గ్లవ్స్ విప్పి ఇచ్చింది. "మీరు ఇవి వేసుకోండమ్మా."

"అద్దెకా?"

"ఊరికే."

"అయితే ఇలా తే."

మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒకాయన ముందుకొచ్చాడు. "మేడమ్, వెలుగు ఎక్కువగా ఎటువైపు ఉంటుంది? నేను అటు కూర్చుంటాను."

"కెమెరా ఇక్కడే పెట్టి రండి సార్. వెలుగంటారా, ఎడమవైపు ఉంటుంది. ఆకలిగా ఉన్నవన్నీ అటే ఉన్నాయి ఇప్పుడు."

"ఆకలేంటి?"

"మిణుగురు కడుపు నిండితే మసకబారి పడుకుంటుందండీ. ఆకలేసినప్పుడే వెలుగుతుంది. ఎంత ఆకలుంటే అంత వెలుగు. మనం అబ్బో అని చూస్తాం గానీ పాపం దానికది పస్తు." గైడ్ అందర్నీ ఒకసారి చూసింది. "ఇక్కణ్ణించి ఒక్క మాట వినపడకూడదు. అలికిడి అయితే ఆరిపోతాయి. మళ్ళీ బయటికొచ్చాకే మాటలు."

కోడలు అక్కడే నిలబడిపోయింది. వెనకవాళ్ళు తోస్తే గానీ కదల్లేదు.

పడవ ఎక్కారు. గైడ్ పైనున్న తాడుని రెండు చేతులా లాగుతుంటే పడవ చప్పుడు లేకుండా చీకట్లోకి జారింది. కాసేపటికి కప్పుమీద వెలుగులు మొదలయ్యాయి. ముందు పలచగా, తర్వాత చెయ్యి పెట్టే సందు లేనంత ఒత్తుగా. అందరూ తలలెత్తి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కోడలు ఒక్కతే కిందకి చూస్తోంది. అత్తగారి చేతులు గ్లవ్స్‌లోంచి కూడా, ఉన్ని అల్లిక సందుల్లోంచి వెలుగుతున్నాయి.

చిన్నకొడుకు పోయిన వారం ఆ చేతులు ఎంత వెలిగాయో ఆమెకి గుర్తొచ్చింది. ఆ వెలుగు చూసి, ఎంత గుండె ధైర్యం ఈవిడకి, అన్నారు వచ్చినవాళ్ళంతా. బావగారు రమ్మన్న రోజు వెలిగాయి. టికెట్ చూపించిన రోజు వెలిగాయి. ఇక మసగ్గా ఉన్న రోజులంటే? తిని, పక్కపక్కన కూర్చుని, ఎవరో ఏడ్చే సీరియల్ చూసి ఇద్దరూ నవ్వుకున్న రోజులు. ఆ రోజుల్లోనే తను సీసా పట్టుకుని వెంటపడింది.

నేనెంత మొద్దుదాన్ని, అనుకుంది.

బయటికెళ్ళాక అడగొచ్చు. మహా అయితే కాసేపు ఆగాలి, అంతే. కానీ ఎదురుగా మనిషి పస్తుంటే చూస్తూ ఎలా కూర్చోవడం? టికెట్ కొన్నవాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ. అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"అత్తయ్యా, వెళ్ళకండి. నా దగ్గరే ఉండండి."

తలమీది మిణుగురులు ఒక్కసారిగా ఆరిపోయాయి. "చ్" అన్నాడు కెమెరా ఆయన. గైడ్ తాడు లాగడం ఆపేసింది. ఆ చీకట్లో అత్తగారి గ్లవ్స్ మాత్రమే కనిపిస్తున్నాయి. చూస్తుండగా అవి కూడా మెల్లగా తగ్గాయి. తగ్గి తగ్గి, పూర్తిగా ఆరాయి.

పెళ్ళయ్యాక అంత చీకటి ఎప్పుడూ చూడలేదు కోడలు. భయమేసి తడుముకుంది. అత్తగారి చెయ్యి దొరికింది. వెచ్చగా, మెత్తగా, మామూలు ముసలి చెయ్యి. అది తన వేళ్ళని గట్టిగా పట్టుకుని వదల్లేదు.

కొంతసేపటికి పైన ఒకటి వెలిగింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత అన్నీ. కిందనుంచి పోటీ వెలుగు లేకపోవడంతో ఇందాక కనపడనివి కూడా ఇప్పుడు కనపడుతున్నాయి. కెమెరా ఆయన కోపం మర్చిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. గైడ్ మళ్ళీ తాడందుకుంది.

బయటికొచ్చి, గ్లవ్స్ తిరిగిచ్చేసి, ఊరి బస్సు ఆగే రేకుల షెడ్డుదాకా దిగారు. బెంచీ మీద కూర్చున్నాక అత్తగారు అంది.

"ఈ మాట అడగడానికి ఇంతదూరం తీసుకొచ్చావా? ఇంట్లోనే అడిగుంటే ఛార్జీలన్నా మిగిలేవి కదే."

"మీరు సంతోషంగా ఉన్నారనుకున్నాను అత్తయ్యా. అంత వెలుగుతుంటే..."

"సంతోషమని నేను చెప్పానా?"

"చెప్పలేదు. నేనూ అడగలేదు."

"వద్దంటావేమోనని నీ మొహమే చూస్తూ కూర్చున్నాను ఆ రోజు. నువ్వు తలెత్తలేదు. పైగా టికెట్ కూడా కొనేశావు. పొమ్మంటున్నావేమో అనుకున్నాను. ఇంక నేనేమంటాను?"

కోడలికి ఏడుపాగలేదు. "అనవసరంగా అన్ని సీసాల టానిక్ తాగించాను మీచేత."

"అది మాత్రం నేను క్షమించను" అంది అత్తగారు. అని, ఆమె తలని తన భుజం మీదకి లాక్కుంది.

బయట మబ్బు పట్టి, షెడ్డులో మసక చీకటిగా ఉంది. బస్సు జాడ లేదు. ఇంతలో ఫోన్ మోగింది. వీడియోలో బావగారు.

"అమ్మా, గుహ చూశావా? రేపు ఎయిర్‌పోర్టుకి నేనే వస్తున్నా. అదేంటి, నీ చేతులు అలా అయిపోయాయి? అసలు వెలుగే లేదు. ఒంట్లో బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. కడుపు నిండింది."

"ఏం తిన్నావు?"

"రొట్టె, గుడ్డు. ఒరేయ్ నాన్నా, నేను మీ ఊరు రావట్లేదు. ఇంటికి పోతాను."

"నీకోసం గది సర్దాం కదమ్మా."

"అలాగే ఉంచు. మేమిద్దరం వచ్చినప్పుడు పడుకుంటాం."

"ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పొచ్చు కదా. నువ్వెంతో ఆనందంగా కనిపించావు నాకు."

"అందరూ నా చేతుల వంక చూసినవాళ్ళే. నా మొహం వంక ఒక్కరన్నా చూశార్రా?" కోపంగా అనలేదు ఆవిడ. కొడుకు మొహం చూస్తూ, మెల్లగానే అంది. ఆయన తలవంచుకున్నాడు. "ఫోన్ తనకివ్వు" అన్నాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని భయంభయంగా ఫోన్ అందుకుంది. తల్లినీ కొడుకునీ విడదీశానంటారేమో అనుకుంది. అంటే పడదామని కూడా అనుకుంది.

"అమ్మ టికెట్ మార్చడానికి వీలవుతుందా?"

"అవదు బావగారూ. చవకది. తప్పు నాదే, నేను ఎలాగోలా..."

"అది అలా వదిలెయ్యమ్మా" అన్నారు బావగారు. "నీ సీటు నంబరెంతో చెప్పు. దాని పక్కది ఖాళీ ఉందేమో చూస్తాను."

కోడలు చెప్పింది. సరిగ్గా వినపడకపోతే మళ్ళీ చెప్పింది. పక్కన అత్తగారు అప్పటికే గోడకి తల ఆనించి కునుకు తీస్తోంది.