ఆకలి గుర్తులు

గొట్టాన్ని నోటితో పీల్చి వదలగానే తొట్టి అడుగున పేరుకున్న మురికి నీళ్లతోపాటు బకెట్లోకి దిగసాగింది. వేలి కణుపంత చారల చేపలు దూరంగా జరిగి గుంపు కట్టాయి. కంబన్న గొట్టం కదపకుండా వంగి నిలబడ్డాడు.

కర్నూలు శివారులోని ఆ పరిశోధన కేంద్రంలో చేపల బాగోగులన్నీ అతనివే. ఎండకు కమిలిన ముఖం, నీళ్లలో నాని పాలిపోయిన వేళ్లు. కోసిగి నుంచి ఏటా సుగ్గికని వలసకూలీగా పత్తి ఏరడానికి దూరపు ఊళ్లకు పోయేవాడు. మోకాళ్లు మొరాయించాక ఈ నీడపట్టు పనికి కుదిరాడు. భార్య పోయింది. కూతురు ఆదోనిలో కాపురం చేసుకుంటోంది.

కిటికీ పక్క తొట్టిలో తల్లి చేపలకు కొన్నాళ్లుగా మేత లేదు. మనిషి నీడ పడితే చాలు, అద్దానికి మూతులు పొడుచుకుంటున్నాయి. అవి చూస్తుండగా రొట్టె నోట్లో పెట్టుకోలేక కంబన్న బయట మెట్ల మీద తింటున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ చేపల మీద పరిశోధన చేస్తున్న సుచరిత వచ్చి, తొట్టిని పరిశీలించి, "ఇంక వీటికి మేత వేయొచ్చు కంబన్నా" అంది.

అతని చేయి మేత డబ్బా మీదికి పోయింది.

"ఇన్ని దినాలు కడుపు మాడిస్తిమి కదమ్మా. ఏం తెలుస్తాది దీంట్లో?"

"జన్యువుల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరకుండాలి అనేది వాటిని బట్టి ఉంటుంది. తల్లి పస్తులుంటే ఆ గుర్తులు ఎక్కడెక్కడ మారతాయో, పిల్లల్లో కూడా మిగులుతాయో పటం గీస్తున్నాం."

కంబన్న డబ్బా మూత తీశాడు.

"నేను కడుపులో ఉన్నప్పుడు మా యమ్మ చింతగింజలు ఉడకేసుకొని తినిందంట. శానా కరువంట అప్పుడు. ఆ గుర్తు నాకూ ఉంటాదేమో?"

"ఉండొచ్చు. చూడకుండా చెప్పలేను."

చేపల్ని మంచునీళ్లలో వేసి చంపాకే పరీక్షకు తీసుకుంటారు. ఆ మంచు మోసుకొచ్చేది అతనే.

"చూడాలంటే నన్నూ మంచులో ఏస్తావా ఏంది?"

సుచరితకు నవ్వొచ్చింది. "కాస్త రక్తం చాల్లే. సోమవారం తీస్తా."

"తీయమ్మా. మా యమ్మది ఫోటో గూడా లేదు. ఆ గుర్తన్నా చూస్తా."

చిటికెడు మేత చల్లాడు. నీళ్లు ఒక్కసారిగా మరిగినట్టయ్యాయి. చివరి మేత పలుకు మాయమయ్యేదాకా చూసి, టీ తెస్తానని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె సూక్ష్మదర్శిని మీద వంగి ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టి, పలకరించకుండా బయటికి నడిచాడు.

మధ్యాహ్నం వాచ్‌మన్ రామకృష్ణ తలుపు తోశాడు. "కంబన్న పలకతాలేడమ్మా."

మెట్ల మీద గోడకు ఆనుకుని, గడ్డం రొమ్ము మీదికి వాల్చి ఉన్నాడు. నీడ అతని మీంచి ఎప్పుడో జరిగిపోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. పొద్దువాలే వేళకు కూతురూ అల్లుడూ వచ్చి, జీపులో కోసిగికి తీసుకుపోయారు.

సుచరిత లోపలికి వచ్చి తొట్లన్నిటికీ తానే మేత వేసింది. తర్వాత తన బల్ల దగ్గర కూర్చుంది. టీ గ్లాసు అలాగే ఉంది. ఈగలు పడకుండా దాని మీద, చేపగుడ్లు పెట్టే గాజుపళ్లెం మూత బోర్లించి ఉంది.