నా గొంతు పూడిన కథ

నేను ఒక సబ్‌వూఫర్‌ని. హోమ్ థియేటర్‌లో మిగతా పెట్టెలు మాటలూ పాటలూ చూసుకుంటే, డప్పుల దరువూ ఉరుములూ నా వంతు. నా ముందు భాగంలో చెయ్యి పట్టేంత గుండ్రటి కన్నం ఉంటుంది. నేను ఊపిరి వదిలేది అందులోంచే. నా కొంప ముంచిందీ అదే.

ఫ్యాక్టరీలో పుట్టి, షోరూములో కొన్నాళ్లు కొలువుదీరి, మొదట ఒక డాక్టరు గారింటికి వెళ్లాను. ఆయన నన్ను కొన్నది వినడానికి కాదు, వచ్చినవాళ్లకి చూపించడానికి. గోడకి కొత్తరకం పెట్టె తగిలించగానే నా మొహం కూడా చూడలేదు. అప్పుడు రాజమండ్రిలో రిటైరైన పోస్ట్‌మాస్టరు గవర్రాజు గారు నన్నూ నా తోటి పెట్టెల్నీ చవగ్గా కొని తెచ్చుకున్నారు.

ఆయన నన్ను తన కుర్చీ పక్కనే పెట్టుకున్నారు. మధ్యాహ్నం భార్య మాణిక్యాంబ గారు కునుకు తీయగానే, ఒంగి నా కన్నంలోకి మెల్లగా చెయ్యి పెట్టేవారు. నా మీద ఇంత ప్రేమా అని మురిసిపోయాను. ఆ చేతిలోంచి కాగితం ఉండలు జారుతున్నా పట్టించుకోలేదు. పిచ్చిదాన్ని.

ఆయనకి షుగరు. ఆస్పత్రిలో తీపి ముట్టొద్దన్నారని, ఆయన ఎదురుగా నేనెలా తింటానంటూ మాణిక్యాంబ గారు కూడా మానేశారు. రెండేళ్లుగా ఆవిడ కాఫీలో పంచదార లేదు. సొంత చెల్లెలి కూతురి పెళ్లిలో లడ్డూ చేతిలో పెడితే తిరిగి పళ్లెంలో పెట్టేశారట.

ఇంతలో నా గొంతు గరగరలాడటం మొదలైంది. గవర్రాజు గారు వైరు మార్చారు, ప్లగ్గు మార్చారు, నెత్తిమీద రెండు మొట్టారు. మెకానిక్కుని పిలుద్దామంటే మాత్రం వద్దనేవారు. పాటలు సరిగ్గా వినపడక ఈయన దిగాలుపడిపోతున్నారని, ఆయన క్షవరానికి వెళ్లినప్పుడు ఆవిడే మెకానిక్కు చిట్టిబాబుకి కబురు చేశారు.

చిట్టిబాబు వైర్లు చూశాడు, బాగానే ఉన్నాయి. కన్నంలో టార్చి వేసి, చెయ్యి పెట్టి లాగాడు. నేతి మరకల పూతరేకుల కాగితాలు గుప్పెళ్లకొద్దీ నేలమీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే గవర్రాజు గారు గుమ్మంలోకి వచ్చారు.

"సెకండ్‌హ్యాండ్ పెట్టె కదా మాణిక్యం, ఆ డాక్టరు గారి పిల్లలు కుక్కి ఉంటారు," అన్నారు తడుముకోకుండా.

ఆవిడ ఒక కాగితం విప్పారు. బెల్లం ఇంకా తడిగానే ఉంది. దానిమీద చీమలు తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఆ చీమలకేగా ఆవిడ ఇల్లంతా లక్ష్మణరేఖ గీస్తున్నది.

"మరి నేనెందుకు మానేశానండీ?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

ఆయన చిట్టిబాబు వైపు తిరిగి, ఈ దరిద్రాన్ని తీసుకుపో, నాకొద్దు అన్నారు. దరిద్రం అంటే నేనే. ఆయన గుట్టు కడుపులో పెట్టుకుని గొంతు పాడుచేసుకున్న నేను. నా ఒళ్లంతా మండిపోయింది.

చిట్టిబాబు వైర్లు చుడుతుండగా మాణిక్యాంబ గారు కాఫీ కలుపుకున్నారు. రెండు చెంచాల పంచదార వేసుకుని, ఆయన ఎదురుగానే కూర్చుని ఒక గుక్క తాగారు. ఆ తీపి సహించలేదు. లేచి వెళ్లి మిగతాది సింకులో పారబోశారు.

ఇప్పుడు నేను చిట్టిబాబు కొట్లో ఉన్నాను. గొంతు శుభ్రంగా పలుకుతోంది. నా గరగరైతే కాగితాలు తీస్తే పోయింది.