నడుము పట్టీ

ఆ కళాశాలలో సాహస సంఘపు నాయకత్వమంటే ఒక ఇత్తడి ఈల. అది ఏటా ఒక్కరి మెడలోనే పడుతుంది. దానికోసం కొండలెక్కడమూ పడవ నడపడమూ వస్తే చాలదు. లోయకు అడ్డంగా కట్టిన తాళ్ల వంతెన మీద భయంతో కొయ్యబారిన మనిషిని, ఒడ్డు మీంచి కదలకుండా, కేవలం మాటలతో అవతలికి చేర్చాలి. అదే పరీక్ష. భయం మాత్రం నటన కాకూడదు. ఎదుటి ఒడ్డున కూర్చునే శిక్షకుడు మోకాళ్లు చూసి, ఏది నిజమో ఏది వేషమో ఇట్టే చెప్పగలడు.

అందుచేత ఆ సంఘానికి ధీరులతో పాటు ఒక పిరికివాడు కూడా అవసరమయ్యేవాడు. కొత్తగా వచ్చిన విద్యార్థులలో అందరికన్నా ఎక్కువగా భయపడేవాణ్ణి వెదికి, బుజ్జగించి, సభ్యుడిగా చేర్చుకునేవారు. ఎందుకు చేర్చుకున్నారో చెప్పేవారు కారు.

నిరుడు అలా దొరికినవాడికి ‘వణుకు’ అని ముద్దుపేరు పెట్టారు. మేడమెట్లు సైతం గోడ పట్టుకుని దిగేవాడు. ఇంట్లో అన్నల ఎగతాళి కింద నలిగి పెరిగినవాడు కావడంతో, తనకొక చోటు ఉంచి పిలిచిన మొదటి మనుషులు వీరేనని పొంగిపోయాడు. నిరుటి పరీక్షలో వంతెన నడుమ ఏడ్చి, అభ్యర్థి మాటల ఊతంతో దాటాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తనకేననుకున్నాడు.

ఈ ఏటి అభ్యర్థి అతనికి అక్క వరుసలో మెలిగిన ఒక చివరి సంవత్సరం విద్యార్థిని. పూర్వం ఆమె తండ్రి కూడా ఆ ఈల ధరించినవాడే. ఇంట్లో గోడకు వేలాడే ఆయన ఛాయాచిత్రంలో ముఖం కన్నా ఈలే ముందుగా కనిపించేది. వణుకుకు ముడి వేయడం, కొక్కెం తగిలించడం ఆమె నేర్పింది. ‘ఎవరి పట్టీ వారే చూసుకోవాలి’ అని సామాన్ల గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, కాలు జారినా పడిపోకుండా పట్టి ఉంచే అతని నడుము పట్టీని మాత్రం ఆమే బిగించేది. “నువ్వు వదిలెయ్‌రా, నేను చూస్తున్నాగా” అనేది. అతడు చిన్నపిల్లవాడిలా చేతులు పైకెత్తి నిలబడేవాడు.

పరీక్షకు ముందు రోజు ఆ గదిలో ఇద్దరూ తాళ్లు చుడుతున్నారు.

“అక్కా, ఒక మాట. ఎవరికీ చెప్పకు. నిన్న వంతెన దాటేశాను.”

“ఏడ్చావులే.”

“అదేగా, ఏడవలేదు! ఎక్కడా ఆగలేదు కూడా. రేపు సార్ ముందు ఇలాగే దాటితే, వచ్చే ఏడు పరీక్షకి అభ్యర్థిగా నన్నే నిలబెట్టమని అడుగుతా. ఆగకుండా దాటినవాళ్లనే కదా నిలబెట్టేది?”

ఆమె చేతిలోని తాడు చుట్ట సగంలో నిలిచింది. “నువ్వు ఆగకపోతే నేనెవర్ని దాటించాలి?”

“ఇంకెవర్నైనా పెడతారులే.”

“ఎవర్ని పెడతార్రా? ఈసారి చేరినవాళ్లంతా కోతులు. స్తంభం కనబడితే చాలు, ఎక్కి కూర్చుంటున్నారు.”

అతడు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

“నాకోసం ఒక్కసారి ఆగకూడదూ? కాస్త వణికినట్టు?”

“సార్ పట్టేస్తారక్కా. అయినా నా మోకాళ్లు నా మాట ఎప్పుడు విన్నాయి గనక!”

“పోన్లే” అంది ఆమె, మిగిలిన తాడును శ్రద్ధగా చుడుతూ. “నువ్వు బాగుపడితే అంతకన్నా నాకేం కావాలి?”

మరునాడు శిక్షకుడూ సభ్యులందరూ ఎదుటి ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నారు. ఇవతల వీరిద్దరే. ఆమె అతని నడుము పట్టీ బిగించి, కొక్కెం తగిలించి, వీపు తట్టింది. వణుకు వంతెనపై అడుగు పెట్టాడు. చేతులు పక్క తాళ్ల మీద తేలికగా జారుతున్నాయి. తల నిటారుగా ఉంది. ఎదుటి ఒడ్డున శిక్షకుడు కనుబొమలు ఎగరేయడం కూడా కనిపించింది. ఆ ఆనందం అతని ముఖమంతా పరుచుకుంటున్న వేళ, అతనికి మాత్రమే వినిపించేంత మెల్లగా వెనకనుంచి ఆమె గొంతు వచ్చింది.

“ఒరేయ్, నీ పట్టీ వెనక కుట్టు ఊడిందిరా.”

అతడు నిలిచిపోయాడు.

వెనక్కి తిరిగి చూసుకోవాలంటే తాడు వదలాలి. తాడు వదలడానికి వేళ్లు ఒప్పుకోలేదు. అడుగున నీళ్లు రాళ్లను ఒరుసుకుంటూ పోతున్నాయి. అప్పుడామె అందరికీ వినబడేలా, తేనెలూరే గొంతుతో మొదలుపెట్టింది.

“భయపడకు నాన్నా. నేనున్నాను. నీళ్ల వంక చూడకు. కుడికాలు ముందుకి వెయ్యి.”

ముందుకు నడవమన్నది! కుట్టు నిజంగా ఊడి ఉంటే వెనక్కి రమ్మని కేకవేసేది కదా. అబద్ధమని అతని బుద్ధికి ఆ క్షణంలోనే తెలిసింది. మోకాళ్లకు తెలియలేదు. అవి దడదడ కొట్టుకున్నాయి. శిక్షకుడు వాటిని చూసి తృప్తిగా తల పంకించాడు.

ఆమె పిలుపులో ఎక్కడా తొందర లేదు, విసుగు లేదు. తల్లి సైతం అంత ఓర్పుగా పిలవదేమో! ఎదుటి ఒడ్డున ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. తనను చంపిన గొంతే చేయిపట్టి నడిపిస్తుంటే, వణుకు ఏడుస్తూ, అడుగు తీసి అడుగు వేస్తూ, అవతల గట్టు మీద చతికిలబడ్డాడు.

ఆమె వెనకనే చకచకా దాటి వచ్చింది. శిక్షకుడు ఈల ఆమె మెడలో వేశాడు.

వణుకు పట్టీ విప్పి, తిరగేసి చూశాడు. ఒక్క దారమూ తెగలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని శిక్షకుడి దగ్గరకు వెళ్లాడు.

“సార్, కుట్టు ఊడిందని అక్క చెప్పింది. ఊడలేదు సార్. అందుకే ఆగాను. లేకపోతే ఆగేవాణ్ణి కాదు. వచ్చే ఏడు నన్ను అభ్యర్థిగా నిలబెట్టండి సార్.”

శిక్షకుడు ఆమె వంక చూశాడు.

“అన్నాను సార్” అంది ఆమె, కళ్లు దించకుండా.

“తప్పే” అన్నాడాయన. ఈల వెనక్కి తీసుకోవడానికి మాత్రం చేయి చాచలేదు. వణుకు వైపు తిరిగాడు. “ఎక్కే ముందు నీ పట్టీ నువ్వు చూసుకున్నావా?”

“అక్క చూసింది సార్.”

“తలుపు మీద ఏం రాసుంది?”

అతడు చేతిలోని పట్టీ వంక చూశాడు.

“తన పట్టీ తాను చూసుకోనివాడి వెనక రేపు పిల్లల్ని ఎలా పంపమంటావోయ్? నాయకుడు కావాలట!”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వచ్చి అతని భుజం మీద చేయి వేసింది. “బాధపడకురా. వచ్చే ఏడు కూడా నువ్వే రావాలి. నీలాంటివాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?”

ఆమె అలా అన్నది మనస్ఫూర్తిగానే.

ఇంటికి చేర్చే బస్సు బయలుదేరిన ఒడ్డునే ఉంది. అందరూ మళ్లీ వంతెన దాటాలి. కొత్త నాయకురాలు ఈల ఊదింది. వరుస కట్టారు. వణుకు వంతు వచ్చింది. పాత అలవాటు చొప్పున అతడు ఆమె ఎదుట రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

“ఎవరి పట్టీ వాళ్లే చూసుకోవాలి” అంది ఆమె బిగ్గరగా.

వరుసంతా ఘొల్లుమంది. అతడు చేతులు దించి, నడుము వెనక తడుముకున్నాడు. కుట్టు గట్టిగానే ఉంది. మరొకసారి తడిమాడు. కొక్కెం లాగి చూశాడు. మళ్లీ కుట్టు దగ్గరకే పోయాయి వేళ్లు.

“కదలవయ్యా బాబూ, చీకటి పడుతోంది!” అని వెనకనుంచి అరిచారు.

అతని వేళ్లు ఆ కుట్టును వదలలేదు.