దసరా బొట్టు, నా నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు

నేను ఒక ఇనుప సమ్మేళనాన్ని. లేత పసుపు పొడిని. చూడగానే మీకు శనగపిండి గుర్తొస్తే నేనేమీ అనుకోను. విజయనగరంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో, నీలవేణి అనే పరిశోధక విద్యార్థిని చేతుల మీదుగా పుట్టాను.

నా నడుమ ఇనుప పరమాణువు, చుట్టూ దాన్ని పట్టుకున్న నైట్రోజన్లు. ఆ పట్టు గట్టిదైతే ఇనుము చివరి ఆరు ఎలక్ట్రాన్లూ బుద్ధిగా జంటలు కట్టేవి. మావాళ్ల పట్టు వట్టి నామమాత్రం. అందుకే ఒక్క జంట కుదిరింది, మిగతా నాలుగూ బ్రహ్మచారుల్లా ఊరేగుతున్నాయి. దీన్నే హై స్పిన్ అంటారు. పేరు ఘనంగా ఉంది కదా! అసలు సంగతేమిటంటే, అయస్కాంతం కనబడితే చాలు, సిగ్గు లేకుండా ఎగబడిపోతాను.

గైడు దాలినాయుడు గారికి కావలసింది జంటలన్నీ కుదిరిన పొడి. అలాగే వస్తుందని ఆయన సభల్లో చెప్పేశారు కూడా. తీరా నన్ను సన్నటి గాజు గొట్టంలో కూరి, త్రాసుకు వేలాడదీసి కింద అయస్కాంతం పెడితే నా బరువు పెరిగింది. జంటలన్నీ కుదిరిన పొడైతే పెరగకూడదు.

"ఇదేటమ్మా! ఏదో కలిసిపోయుంటాది. మళ్లీ చెయ్యి," అన్నారాయన.

నీలవేణికి గడువు ఆ నెలాఖరే. ఆయన సంతకం పెట్టకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. పాపం, మళ్లీ చేసింది. మళ్లీ నేనే పుట్టాను. ఏం చేయను, ఇంకోలా పుట్టడం నాకు చేతకాదు.

అప్పుడామెకు గొట్టం మీద బొట్టు కనబడింది. ఆయుధపూజనాడు దాలినాయుడు గారే స్వయంగా పెట్టిన కుంకుమ. ఖాళీ గొట్టాన్ని తూచింది అంతకుముందే, కాబట్టి బొట్టు బరువు కూడా నా ఖాతాలోనే పడింది. ఆ చవక కుంకుమలో తుప్పు రంగు కలిసిందేమో, అదీ అయస్కాంతం వైపు లాగుతోంది! నేరం బొట్టుదేనని పిల్ల ఎగిరి గంతేసింది. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. తుడిచి తూచింది. బరువు కాస్త తగ్గింది. ఒంటరివి మాత్రం నాలుగూ నాలుగే.

"బొట్టు తుడిచీసేవా?" గుమ్మంలోంచి దాలినాయుడు గారి గొంతు.

"తుడిచీసేను సార్. మీ మాట నిజమవ్వాలనే తుడిచేను. అవలేదు," అని నీలవేణి బావురుమంది.

ఆయన తనే కూర్చుని తూచారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తూచారు. గొట్టం దించి నన్ను చూపించారు.

"దీని తప్పేటుంది? నేనే ముందు కూసీసేను. ఏడవకు. ఉన్నదున్నట్టు రాసి తీసుకురా, సంతకం పెడతాను."

ఇప్పుడు అల్మారాలో, సీసాలో ఉంటున్నాను. మొన్న దసరాకి ఆయన గొట్టం జోలికి పోలేదు. నా సీసా దించి, దానికి బొట్టు పెట్టారు. నాలుగింటికి జంట కుదర్చలేని దద్దమ్మను, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు సిగ్గుతో చచ్చిపోయాను.