ఆరున్నొక్కటి

పెద్దమేస్త్రి షెడ్డుకి పొద్దున్నే ముందుగా వచ్చేది కోడలే. షట్టరెత్తి, నేల ఊడ్చి, నిన్న విప్పిన బోల్టులన్నీ ట్రేలో వరసగా ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు టీ పెడుతుంది. టీ మరిగేలోపు మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ దిగుతాడు. కొడుక్కి గ్రీజు వాసన పడదు. బట్టల కొట్టు పెట్టుకుని ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరుగుతుంటాడు. పెళ్ళయిన కొత్తలో కోడలు సరదాకి ఒక కార్బురేటరు విప్పి, ఒక్క స్క్రూ కూడా మిగలకుండా మళ్ళీ బిగించేసింది. "మావాడు పుట్టి చేసిన మంచిపని ఒక్కటే, నిన్ను చేసుకోవడం" అన్నాడు పెద్దమేస్త్రి. అప్పటినుంచీ పన్నెండేళ్ళుగా మామా కోడళ్ళిద్దరూ ఒకే ఇంజినులో అటొకరూ ఇటొకరూ తలదూర్చి బతుకుతున్నారు.

వాళ్ళ దగ్గరికొచ్చేవన్నీ ఒకటే జాతి బళ్ళు. పాతికేళ్ళు దాటిన, నాలుగు చక్రాలూ లాగే కార్లు. కొండ మీదికెళ్ళే వాళ్ళకి అవే దిక్కు. వాటి ఇంజినులో పిస్టన్లు నిలబడి ఉండవు, పడుకుని ఉంటాయి. అటు రెండు, ఇటు రెండు, రోజంతా గుద్దులాడుకుంటూ బండిని నడిపిస్తాయి. అలాంటి బళ్ళకి నాలుగు టైర్లూ ఒకేలా అరగాలి. మూడు పాతవి ఉంచి ఒకటి కొత్తది వేయించుకొచ్చినవాణ్ణి పెద్దమేస్త్రి ఊరికే వదలడు. "నలుగురన్నదమ్ముల్లో ఒకడికే కొత్త చొక్కా కుట్టిస్తే ఇల్లు నిలుస్తుందా? గేరుపెట్టె కూడా అంతే" అని క్లాసు పీకి గానీ జాకీ ఎత్తడు.

ఇక ఆ ఇంజిన్ల ప్రాణమంతా టైమింగు బెల్టులో ఉంది. లోపలివైపు పళ్ళున్న రబ్బరు పట్టీ అది. కింద చక్రం ఇంత తిరిగితే పై చక్రాలు ఎంత తిరగాలో అది చెబుతుంది. గుర్తుకి గుర్తు కలిపి బిగించాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజిను కాస్త దగ్గుతుంది, బండి టైము తప్పుతుంది. అంటే నిజంగానే తప్పుతుంది. పన్ను వెనక్కి పడితే ఎంత తొక్కినా పావుగంట ఆలస్యంగా చేరతారు. ముందుకు పడితే పావుగంట ముందే చేరిపోతారు. బండి ఎడమకి లాగుతోందనీ, బ్రేకు కీచుమంటోందనీ చెప్పినట్టే జనం ఇదీ చెప్పుకుంటారు.

మొన్నామధ్య ఒక బ్యాంకు గుమాస్తా లబోదిబోమంటూ వచ్చాడు. ఇంకెక్కడో బెల్టు మార్పించుకున్నాడట.

"మా ఆఫీసు పది నిమిషాల దారి మేస్త్రీ. బయల్దేరకముందే చేరిపోతున్నాను. నేనిక్కడ చెప్పులేసుకుంటుంటే అక్కడ నేను కుర్చీలో కూర్చుని ఉన్నానట. ఇద్దరిలో ఎవరికి క్యారేజీ కట్టమంటారని మా ఆవిడ అడుగుతోంది."

"ఇంటి దగ్గరున్నవాడికే కట్టమను. వాడికే ఆకలెక్కువ" అన్నాడు పెద్దమేస్త్రి. ఆ సాయంత్రానికే పన్ను వెనక్కి వేసి పంపించాడు.

పన్ను ముందుకు వెయ్యమని బతిమాలేవాళ్ళకీ కొదవ లేదు. "బలం ఎంత కావాలంటే అంత పెంచుతాను. టైము పెంచను" అంటాడు. అలా నెలల తరబడి నడిపితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి, ఇంజిను ముక్కలవుతుంది. నలభై ఏళ్ళలో గుర్తు తప్పిన బండి తన షెడ్డు గుమ్మం దాటలేదని ఆయనకి కొండంత గర్వం.

ఈ పాత బళ్ళకి గుర్తులు వేసిన బెల్టులు ఇప్పుడు దొరకవు. గుర్తుల్లేనివి తెచ్చుకుని, పళ్ళు లెక్కపెట్టి సుద్దతో గీత పెట్టుకోవాలి. కింద చక్రం నుంచి ఎడమవైపు చక్రానికి నలభై నాలుగు పళ్ళు. పెద్దమేస్త్రి పైకి లెక్కపెడతాడు గానీ ఏడు అనే మాట మాత్రం నోట రానివ్వడు.

"పక్కన నిలబడి ఏడు, ఏడు అంటుంటే ఏ ఇంజినైనా ఏడవక ఏం చేస్తుంది?" అంటాడు.

అందుకని ఆయన లెక్కలో ఆరు తర్వాత ఆరున్నొక్కటి. పదహారు తర్వాత పదహారున్నొక్కటి. కోడలు మొదట్లో పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఇప్పుడు బజారుకెళ్ళినా "నిమ్మకాయలు ఆరున్నొక్కటియ్యి బాబూ" అంటుంది.

ఆ షెడ్డుకి ఒకరోజు నర్సమ్మ బండి ఈడ్చుకుంటూ వచ్చింది. కొండ కింది ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. కొండ మీది ఇళ్ళలో పురుళ్ళన్నీ ఆమెవే, అంటే ఆమెవి కావలసినవి. గంటంపావు ఎక్కుడు దారి, రెండో గేరులో రొప్పే కారు. ఎప్పుడెళ్ళినా అప్పటికే ఇరుగుపొరుగు చేతుల్లో బిడ్డ పుట్టేసి ఉండేది. ఈమెకి మిగిలేది బొడ్డు కోయడమే. అందుకే కొండ మీద ఆమెకి బొడ్డు నర్సని పేరు. ఎలాగూ పుట్టాకే వస్తుందిలే అని వాళ్ళు తల కనిపించాకే ఫోను చేసేవాళ్ళు. అలా చేసేవాళ్ళు కాబట్టి ఆమె పుట్టాకే వెళ్ళేది.

"నన్నేమన్నా పడతాను బాబాయ్. ఈసారి మాత్రం మా చెల్లెలు" అంది నర్సమ్మ. "కొండ మీద తేనెపెట్టెలాయనకి ఇచ్చాం. బిడ్డ ఎదురు తిరిగి కాళ్ళు కిందికి పెట్టింది. ఆ కుదుపుల్లో కిందికి దించొద్దన్నారు డాక్టరుగారు. నువ్వు పక్కనుంటే గండం గడుస్తుంది, లేకపోతే… అని ఆపేశారు. నెలాఖరుకి సెలవు పెట్టాను, అప్పుడెళ్ళి అక్కడే ఉంటాను. ఈలోపే నొప్పులొస్తే ఈ బండితో నేనెప్పటికి చేరేను? ఒక్క పన్ను ముందుకు వెయ్యండి బాబాయ్."

పెద్దమేస్త్రి చాలాసేపు పానా తుడిచాడు. ఆయన మనసు కరిగింది గానీ మాట మారలేదు.

"కొండ మీద సగంలో ఇంజిను విరిగితే నువ్వూ ఉండవు, టైమూ ఉండదు. బలం పోస్తానమ్మా. యాభై నిమిషాల్లో పైనుంటావు. పూచీ నాది."

మామా కోడళ్ళు ఆ రోజే ఇంజిను గొలుసులకి కట్టి పైకెత్తారు. విప్పి చూస్తే గాస్కెట్ కాలిపోయి, నీళ్ళు నూనెలో కలిసి పాలెక్కువైన కాఫీలా ఉంది. సిలిండర్లు లేతుకి పంపి సాఫు చేయించారు. కొంచెం లావు పిస్టన్లు వేశారు. తుక్కులో పడున్న అదే జాతి బండి నుంచి టర్బో తెచ్చి, కోడలు రెండు రోజులు కూర్చుని దాని రెక్కలు టూత్‌బ్రష్షుతో కడిగింది.

"ఇదేం చేస్తుందమ్మాయ్?" అని అడిగింది నర్సమ్మ. రోజూ డ్యూటీ దిగగానే వచ్చి స్టూలు మీద కూర్చునేది.

"పొగగొట్టం గాలితోనే తిరుగుతూ ఇంజినుకి ఇంకాస్త ఊపిరి పోస్తుందక్కా. ఎక్కుడులో ఆయాసం రాదు."

పదో రోజు పొద్దున ఇక బెల్టొక్కటే మిగిలింది. కోడలు బండి కిందికి దూరి టర్బో గొట్టం బిగిస్తోంది. పెద్దమేస్త్రి రెండు చేతులా బెల్టు పట్టుకుని, నోట్లో క్లిప్పు కరిచిపట్టుకుని ఉన్నాడు. బండి కోసం వచ్చిన నర్సమ్మ వైపు చూసి గడ్డంతో బెల్టు చూపించాడు.

"లెక్కపెట్టమంటున్నారక్కా" కిందినుంచి అరిచింది కోడలు. "ఏడనకండి! ఆరున్నొక్కటనాలి!"

నర్సమ్మ ఒక్కో పన్ను మీదా గోరు ఆనిస్తూ మొదలుపెట్టింది. ఆరున్నొక్కటి బాగానే అంది. పదహారున్నొక్కటి, ఇరవయ్యారున్నొక్కటి కూడా తడబడకుండా దాటింది. ముప్పయ్యారు దగ్గరుండగా ఫోను మోగింది. తేనెపెట్టెలాయన.

"వదినా, దానికి నొప్పులు మొదలయ్యాయి. త్వరగా రా."

"వస్తున్నా" అని ఫోను జేబులో పడేసింది. గోరు ముప్పయ్యారో పన్ను మీదే ఉంది. నాలిక చివరికొచ్చింది ఏడే. అనకూడదు కదా అని గుటుక్కున మింగేసింది. ఆరున్నొక్కటి మాట ఆ కంగారులో గుర్తే రాలేదు. గోరు తర్వాతి పన్ను మీదికి జరిపి ముప్పై ఎనిమిది అంది. అక్కణ్ణుంచి నలభై నాలుగుదాకా గబగబా వెళ్ళిపోయింది. పెద్దమేస్త్రి చెవి కూడా అప్పటికి కొండ మీదే ఉంది. ఆమె గోరున్న చోట సుద్దగీత పెట్టేశాడు.

మూతలు బిగించి, నీళ్ళూ నూనె పోసేసరికి అరగంట. నర్సమ్మకి అది అరయుగం. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది. ఒక్కసారి దగ్గింది. పెద్దమేస్త్రి కనుబొమ్మలు ముడిపడ్డాయి. కొత్త పిస్టన్లు కదా, సర్దుకుంటాయిలే అని సమాధానపడి, "పోనీ అమ్మా, పోనీ" అని బానెట్ మీద చరిచాడు.

నర్సమ్మ చేరేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. బిడ్డ కాళ్ళు అప్పటికే బయటికొచ్చాయి. పక్కింటి ముసలావిడ ఏం చెయ్యాలో తోచక పిల్ల కాళ్ళు పట్టుకుని లాగబోతోంది. "ముట్టుకోకండి!" అని ఒక్క కేక వేసి, నర్సమ్మ చేతులు కడుక్కుని కూర్చుంది. పదకొండేళ్ళుగా ఆ చేతులకి తెలిసిన పని, కొండ మీద ఎప్పుడూ అందని పని. నడుం వచ్చేదాకా ఆగింది. భుజాలు ఒకటి తర్వాత ఒకటి తిప్పి విడిపించింది. తల చివర్న వచ్చింది. పావుగంట ఆలస్యమైతే వచ్చేది కాదు.

ఆడపిల్ల. నీలంగా ఉంది. చప్పుడు లేదు.

నర్సమ్మ ముక్కూ నోరూ తుడిచి, వీపు రాసింది. అరికాళ్ళు తట్టింది. చెల్లెలు తలెత్తి చూస్తోంది.

"ఏడు" అంది నర్సమ్మ. "ఏడు తల్లీ. ఏడవ్వే, నీకు దణ్ణం పెడతాను, ఏడు! ఏడు!"

పిల్ల పెదవి వంచింది. ముందు పిల్లికూనలా, ఆనక కొండంతా వినపడేలా ఏడ్చింది. చెల్లెలూ ఏడ్చింది, గుమ్మంలో తేనెపెట్టెలాయనా ఏడ్చాడు.

షెడ్డులో పెద్దమేస్త్రి గడియారం కింద నిలబడి ఉన్నాడు. బండి వెళ్ళి సరిగ్గా యాభై నిమిషాలు, ఇప్పుడే చేరుంటుంది అనుకుంటుండగా ఫోను మోగింది. నర్సమ్మ ఏదో చెబుతోంది గానీ వెనకాల పిల్ల ఏడుపులో ఒక్క ముక్క వినపడలేదు. వినపడక్కర్లేదు కూడా. ఆయన ఫోను కోడలి చేతికిచ్చి గడియారం వంక చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"ఒక పన్ను" అన్నాడు మెల్లిగా. "నా చేత్తో నేనే పెట్టాను గీత."

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. నలభై ఏళ్ళ గర్వం పోయిందని బాధపడతాడేమో అనుకుంది. ఆయన గ్రీజు గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ముఖమంతా నల్లగా అయింది.

"మామయ్యా, ఏడుస్తున్నారా?"

"ఛ, ఏడవడమేంటమ్మా. ఆరున్నొక్కటిస్తున్నాను."

ఇద్దరూ స్టూళ్ళ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు.

గుర్తు సరిచెయ్యాలి, బండి తీసుకురమ్మని పెద్దమేస్త్రి రోజూ ఫోను చేశాడు. వరసగా పురుళ్ళు వచ్చి పడటంతో నర్సమ్మకి మూడు వారాలు పట్టింది. మూత తీసి పళ్ళు లెక్కపెడితే నలభై మూడే. కోడలు నర్సమ్మ దగ్గరికి జరిగింది.

"అక్కా, అలాగే ఉంచమంటారా? ఇంకో నెలైనా నడుస్తుంది. మామయ్యని నేను ఒప్పిస్తాను."

పెద్దమేస్త్రి వినపడనట్టు నటిస్తూ వినపడేంత దగ్గరగా నిలబడ్డాడు. నర్సమ్మ జవాబు చెప్పబోతుంటే ఫోను మోగింది. కొండ మీద నుంచి ఎవరో పెద్దావిడ.

"అమ్మా, డాక్టరమ్మా, మా కోడలికి నొప్పులింకా రాలేదు. నడుం పీకుతోందంటోందంతే. నువ్వు ముందే వస్తావు కదా, అందుకని ముందే చెబుదామని."

"మంచిపని చేశావు. కదలకుండా పడుకోమను. మధ్యాహ్నానికి నీ గుమ్మంలో ఉంటాను."

నర్సమ్మ ఫోను పెట్టేసి స్టూలు దగ్గరికి లాక్కుంది. కోడలి చేతిలోంచి టీ గ్లాసు అందుకుంది.

"గుర్తుకే పెట్టండి బాబాయ్" అంది. "నిదానంగా లెక్కపెట్టుకోండి. నాకేం తొందర లేదు."