పదకొండో వంపు

సోలో అనే ఊళ్లో పాత కత్తి ఎవరింట బయటపడినా దాని మీద మార్సుది చెయ్యి పడాల్సిందే. గోటితో మీటి, మోగిన తీరు విని, ఫలానా రాజు కాలం నాటిదని తేల్చేస్తాడు. ఆయన మాటకు తిరుగులేదు. అంతటి మనిషి ఆ పూట తుకిజాన్ ఇంట్లో చాప మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాడు.

వచ్చింది ఆ ఇంటి పిల్లతో కొడుకు పెళ్లి ఖాయం చేసుకోవడానికి. పెళ్లినాడు అల్లుడి నడుమున మామగారింటి క్రిస్, అంటే పాములా వంపులు తిరిగిన కత్తి, దోపడం ఆనవాయితీ. తుకిజాన్‌కి ఆ కత్తే పరువు, అదే ప్రాణం.

"మజపహిత్ రాజుల నాటిది, మార్సుదిగారూ. ఆరొందల ఏళ్లు. మీ నోట ఆ ఒక్కమాటా వింటే ముహూర్తం చెప్పుకుందాం," అంటూ ఒర తీసి ఇచ్చాడు.

మార్సుది బొటనవేలు వంపుల వెంట జారి పదకొండోదాని దగ్గర టక్కున ఆగింది. అక్కడో చిన్న బుడిపె. క్రిస్‌కి వంపులు బేసిగానే ఉండాలి. పంతొమ్మిదేళ్ల వయసులో లెక్క తప్పి పన్నెండు కొట్టేసి, చివరిదాన్ని ఆకురాయితో అరగదీసిన వెధవ ఎవరో ఆ వేలికి తెలుసు. పైగా నిమ్మరసం పూసి, పేడలో పాతి, దాన్ని ముసలిదాన్ని చేశాడు. గుడ్డివాడు కూడా మోసపోడురా అని కమ్మరం నేర్పిన గురువు తీసిపారేశాడు. నలభై అయిదేళ్లుగా ఊరంతా మోసపోయింది. మార్సుదికి లేచి గంతులెయ్యాలనిపించింది. కానీ నిజం చెబితే కొడుకు పెళ్లి అటకెక్కుతుంది.

"ఇప్పటి కమ్మర్లకి ఏడు జన్మలెత్తినా ఇలాంటి పని చేతకాదు కదండీ?" అన్నాడు తుకిజాన్.

"చేతకాదండీ," అన్నాడు మార్సుది, చెవుల దాకా ఎర్రబడి.

"ఆ పనివాడు దేవుడండీ."

"మరీ అంత కాదులెండి." తాగుతున్న అల్లం కషాయం పొలమారింది.

"ఆ చివరి వంపే కాస్త వంకర. తాగి కొట్టి ఉంటాడు."

"తాగలేదు. జ్వరంతో ఉన్నాను."

నోరు జారాక నాలుక కరుచుకుని ఏం లాభం? మొత్తం కక్కేశాడు. తుకిజాన్ మొహం కందగడ్డలా అయింది. కత్తి లాక్కుని ఒరలో పెట్టేశాడు. మార్సుదికి కొడుకు మొహం కళ్లముందు మెదిలింది.

అంతలో మూలన వక్క నములుతున్న తుకిజాన్ తల్లి సుగినెం కిలకిల నవ్వింది. "నువ్వటరా అబ్బీ? అప్పుడు నీ కనుబొమలు కాలిపోయి ఉండేవి. రెండు కోళ్లిచ్చి కొన్నాను నీ దగ్గర."

"ఏంటమ్మా నువ్వనేది?"

"అసలుదాన్ని మీ నాన్న కోడిపందెంలో ఒడ్డి పోగొట్టాడు. తెల్లారితే మీ తాత వస్తున్నాడు. ఏం చెయ్యమంటావు? ఆయన దీనికి మొక్కాడు కూడాను. ఇన్నేళ్లూ చెప్పలేక కడుపుబ్బి చచ్చాను."

మార్సుదికి నవ్వు తన్నుకొచ్చింది. ముసలమ్మ చాప మీదకి ఒరిగిపోయింది. బిగబట్టుకున్న తుకిజాన్ పొట్ట కూడా కదలడం మొదలెట్టింది. ముగ్గురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

తేరుకున్నాక తుకిజాన్ కత్తిని రెండు చేతులా అందించాడు. "పన్నెండు రోజుల్లోనే పెళ్లి పెట్టుకుందాం. ఈలోగా ఆ వంపు సరిచేసి తెండి, బావగారూ."

ఆ పిలుపు విని మార్సుది కత్తిని గుండెకు హత్తుకున్నాడు.

"అదొక్కటీ అడక్కండి, బావగారూ. సరిచేస్తే ఇది నేను చేశానని ఎవడు నమ్ముతాడు?"